ఫీజు అడగని జర్నల్‌కు పేపర్ పంపితే విలువ ఉంటుందా?

ప్రశ్న: నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో వేరుశనగ రైతుల అప్పుల మీద పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్నాను. అందులోంచి ఒక పేపర్ తయారుచేసి, ప్రమోషన్ తొందరలో రెండు చోట్లకు పంపాను. ఒక జర్నల్ రెండు రోజుల్లోనే యాక్సెప్ట్ అయిందని మెయిల్ పెట్టి 3,500 రూపాయలు కట్టమంది. రెండోది విదేశీ ప్రచురణ సంస్థది. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టడం) కావాలంటే 2,000 డాలర్లకు పైగా అవుతుందని వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంది. ఈలోగా, రాసేవాళ్ల దగ్గరా చదివేవాళ్ల దగ్గరా పైసా తీసుకోని జర్నళ్లు మన దేశంలోనే ఉన్నాయని విన్నాను. మా సీనియర్ సార్ మాత్రం "ఊరికే వేసేవాటికి విలువేముంటుందమ్మా, ఆ 3,500 కట్టేసి పని కానిచ్చుకో" అంటున్నారు. ఏ జర్నళ్లను నమ్మొచ్చో చెప్పే యూజీసీ కేర్ జాబితా కూడా ఎత్తేశారు కదా, ఇక దేన్ని నమ్మాలి? మా డిపార్ట్‌మెంట్ తరఫున మేమే ఒక ఉచిత జర్నల్ పెడదామని, నన్ను ఎడిటర్‌గా ఉండమని మా హెడ్ అడుగుతున్నారు. ఒప్పుకోమంటారా? చివరిగా ఒక చిన్న సందేహం. ఇంగ్లిష్‌లో వచ్చిన పేపర్‌ను తెలుగులో కూడా వేసుకోవచ్చా?

సమాధానం: ముందు ఆ 3,500 కట్టకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం.

రెండు రోజుల్లో వచ్చిన ఆ మెయిల్‌ను ఇంకోసారి తెరిచి చూడండి. మీ పట్టికల గురించి అందులో ఒక్క మాటైనా ఉందా? శాంపిల్ ఎలా తీసుకున్నారు, వడ్డీ లెక్క ఎలా కట్టారు, కౌలు రైతులను విడిగా చూశారా అని ఎవరైనా అడిగారా? రైతుల అప్పుల మీద పనిచేసిన వాళ్లెవరైనా మీ పేపర్ చదివితే కనీసం ఈ మూడో ప్రశ్న అడగకుండా వదలరు. ఏమీ అడగకుండా యాక్సెప్ట్ చేశారంటే చదవలేదనే అర్థం. మీరు రెండు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి సేకరించిన సమాచారాన్ని చదవని చోట పెట్టకండి. ఒకసారి అక్కడ అచ్చయితే మంచి జర్నల్ ఏదీ దాన్ని మళ్లీ తీసుకోదు.

కాబట్టి ఈరోజే ఒక మెయిల్ రాయండి. పేపర్‌ను ఉపసంహరించుకుంటున్నానని, ప్రచురణకు నా అనుమతి లేదని రెండు వాక్యాలు చాలు. కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టి ఉంటే ఆ సంగతి కూడా రాసి, దాన్ని రద్దు చేసుకుంటున్నానని చెప్పండి. "విత్‌డ్రాయల్ ఫీజు" కట్టమని బెదిరిస్తూ జవాబు రావచ్చు. కంగారు పడొద్దు, కట్టనూ వద్దు. ఆ మెయిళ్లన్నీ దాచిపెట్టుకోండి. ఎప్పుడైనా మీ అనుమతి లేకుండా పేపర్ వేసేస్తే, ఇంకో ఎడిటర్‌కు చూపించడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి, ఏమీ అనుకోకండి. ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు జర్నళ్లకు పంపడం తప్పు. ప్రమోషన్ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ పేపర్ చదివి మంచిచెడ్డలు చెప్పే తోటి పరిశోధకులు, అంటే రివ్యూయర్లు, మామూలుగా ఎక్కడైనా జీతం లేకుండానే ఆ పని చేస్తారు. తమ పాఠాలు, పిల్లలు, పరీక్ష పేపర్లు అన్నీ చూసుకుని, రాత్రిపూట కూర్చుని మన పేపర్ చదువుతారు. ఇద్దరు అలా చదివాక మనం వెనక్కి తీసుకుంటే ఆ శ్రమంతా వృథా. అందుకే ఆ విదేశీ జర్నల్‌లో పేపర్ ఏ దశలో ఉందో లాగిన్ అయి చూడండి. ఇంకా రివ్యూయర్ల దాకా వెళ్లకపోతే మర్యాదగా వెనక్కి తీసుకోవచ్చు. వెళ్లి ఉంటే ఫలితం వచ్చేదాకా ఆగండి.

ఆగితే 2,000 డాలర్లు ఎక్కడి నుంచి తేవాలన్నది మీ భయం. ఓపెన్ యాక్సెస్ "కావాలంటే" అని మీరే రాశారు, అంటే అది హైబ్రిడ్ జర్నల్ కావచ్చు. అలాంటి జర్నల్‌లో ఫీజు మన ఇష్టం. పేపర్ యాక్సెప్ట్ అయ్యాక ఒక ఫారం వస్తుంది, అందులో ఓపెన్ యాక్సెస్, సబ్‌స్క్రిప్షన్ (చందా కట్టినవాళ్లే చదివేది) అని రెండు దారులు ఉంటాయి. రెండోది ఎంచుకుంటే మామూలుగా రూపాయి కట్టక్కర్లేదు. ఈ సంగతి తెలియక జీపీఎఫ్‌లో అప్పు పెట్టి కట్టినవాళ్లున్నారు. తర్వాత, ఎడిటర్ ఆమోదించిన చివరి వర్డ్ ఫైల్‌ను కొంత గడువు తర్వాత యూనివర్సిటీ ఆన్‌లైన్ భాండాగారంలో (రిపాజిటరీలో) పెట్టుకోవడానికి చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. ఆ గడువు ఎంతో జర్నల్ నిబంధనల్లోనే ఉంటుంది.

అలా కాకుండా పూర్తిగా ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయి, ఫీజు తప్పనిసరి అయితే పరిస్థితి వేరు. పెద్ద ప్రచురణ సంస్థలు అతి పేద దేశాల రచయితలకు ఫీజు మాఫీ చేస్తుంటాయి గానీ ఆ జాబితాల్లో మన దేశం సాధారణంగా ఉండదు. మనది పెద్ద ఆర్థిక వ్యవస్థ కింద లెక్క. దేశం లెక్క దేశానిది, డిగ్రీ కాలేజీ లెక్చరర్ జీతం లెక్క వేరు. 2020 చివర్లో నేచర్ పత్రిక ఓపెన్ యాక్సెస్ పేపర్‌కు 9,500 యూరోలు అని ప్రకటించింది. అప్పటి మారకం ప్రకారం 8 లక్షల రూపాయలు దాటుతుంది. అంత డబ్బు పెట్టగలిగిన వాళ్ల పరిశోధనే అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంటుందంటే, మిగతా ప్రపంచం చదవడానికి తప్ప రాయడానికి పనికిరాదన్నట్టవుతుంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

ఇక మీ సీనియర్ సార్ మాట. ఊరికే వేసేవాటికి విలువ ఉండదనడం మన దగ్గర చాలా మందికి ఉన్న నమ్మకమే. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. పేపర్ మంచిదో కాదో తేల్చేది రివ్యూయర్లు. 3,500 తీసుకునే జర్నల్‌లోనూ, 8 లక్షలు తీసుకునే జర్నల్‌లోనూ, ఏమీ తీసుకోని జర్నల్‌లోనూ మామూలుగా వాళ్లకు ఇచ్చేది సున్నానే. అంటే మనం కట్టే ఫీజుకూ పేపర్‌ను పరీక్షించే పనికీ నేరుగా సంబంధం లేదు. ఫీజు వెబ్‌సైట్‌కు, భాష సరిదిద్దడానికి, టైప్‌సెట్టింగ్‌కు, సిబ్బంది జీతాలకు పోతుంది. కొన్ని చోట్ల ఎక్కువ భాగం లాభానికే పోతుంది. కాబట్టి ఫీజు ఎంత అన్న దగ్గర ఆగిపోకుండా, ఈ జర్నల్ నడవడానికి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే మీ సందేహాల్లో సగానికి సగం తీరిపోతాయి.

రచయిత డబ్బు కట్టకుండా పరిశోధన వ్యాసాలు రావడం మనకేమీ కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో మొదలుపెట్టిన భారతి అనే పత్రికలో మల్లంపల్లి సోమశేఖర శర్మ లాంటి వాళ్లు శాసనాల మీద, చరిత్ర మీద రాశారు. వ్యాసం వేసినందుకు వాళ్లెవరూ డబ్బు కట్టలేదు. పంతులు గారి వెనక అమృతాంజనం వ్యాపారం ఉంది. రాజమండ్రిలో 1922లో ఏర్పడిన ఆంధ్ర చారిత్రక పరిశోధక మండలి నాలుగేళ్ల తర్వాత ఇంగ్లిష్‌లో త్రైమాసిక పత్రిక మొదలుపెట్టింది. దాన్ని నిలబెట్టింది సభ్యుల చందాలు, దాతల సాయం. చరిత్ర వాళ్లు ఇవాళ్టికీ ఆ సంచికలను ఉటంకిస్తారు. కాకపోతే అప్పట్లో పాఠకుడు కొనుక్కుని చదవాలి. కాగితానికీ పోస్టుకూ ఖర్చు తప్పదు మరి. ఇప్పుడు ఇంటర్నెట్ వల్ల ఆ ఖర్చు చాలా వరకు పోయింది కాబట్టి చదివేవాళ్లకు కూడా ఉచితంగా ఇవ్వగలుగుతున్నారు. దీన్నే ఇప్పుడు డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటున్నారు.

నేటి సంగతికి వస్తే, బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఉంది. 1934లో సి.వి.రామన్ స్థాపించారు. ప్రమాణ, సాధన, రెజొనెన్స్ వంటి పత్రికలు దానివే. అకాడమీకి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం నిధులు ఇస్తుంది, అంటే ఖర్చు మన పన్నుల్లోంచే పోతోంది. వాటి పాత సంచికలు అకాడమీ వెబ్‌సైట్‌లో ఎవరైనా తెరిచి చదవొచ్చు. కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ వాళ్ల నిస్పర్ అనే సంస్థ చాలా జర్నళ్లు నడుపుతుంది, ఆ పేపర్లన్నీ వాళ్ల ఆన్‌లైన్ రిపాజిటరీలో ఉచితంగా దొరుకుతాయి. ముంబైలో కొందరు డాక్టర్లు, కార్యకర్తలు కలిసి పెట్టుకున్న సొసైటీ 1993 నుంచి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ ఎథిక్స్ నడుపుతోంది. మీ విషయానికి బాగా దగ్గరగా ఉన్నది రివ్యూ ఆఫ్ అగ్రేరియన్ స్టడీస్. బెంగళూరులోని ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ 2011 నుంచి తెస్తున్న పత్రిక ఇది, మొత్తం ఉచితంగా చదవొచ్చు. ఊళ్లలో ఇంటింటి సర్వే చేసి రాసే పేపర్లు అందులో తరచూ వస్తాయి. మీరు చేసిన పని అలాంటిదే కదా, రెండు మూడు సంచికలు తిరగేయండి. ఏ జర్నల్ అయినా పేపర్ పంపేముందు ఫీజుల పేజీని మీరే స్వయంగా చూసుకోవాలి. సంస్థలు మధ్యలో నియమాలు మారుస్తుంటాయి.

ఈ మార్పుల గురించి ఒక ఉదాహరణ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1997లో ముంబైలో మెడ్‌నో అనే ప్రచురణ సంస్థ పుట్టింది. డాక్టర్ల సంఘాల జర్నళ్లను రచయిత దగ్గర ఫీజు తీసుకోకుండా, ఆన్‌లైన్‌లో అందరికీ ఉచితంగా ఇచ్చి, అచ్చు ప్రతుల చందాలు, ప్రకటనల మీద నడిపి చూపించింది. ఉచితంగా ఇస్తే చందాలు పడిపోతాయన్న భయాన్ని పోగొట్టిన ప్రయోగం అది. అభివృద్ధి చెందుతున్న దేశం నుంచి ఇలాంటి పని జరిగిందని ప్రపంచమంతా చెప్పుకున్నారు. 2011లో ఆ సంస్థను వోల్టర్స్ క్లూవర్ అనే బహుళజాతి సంస్థ కొనేసింది. జర్నల్ ఎవరి చేతిలో ఉందనేది అందుకే ముఖ్యం. సొసైటీ చేతిలో ఉందా, యూనివర్సిటీ చేతిలో ఉందా, అమ్ముడుపోగల కంపెనీ చేతిలో ఉందా అని చూడాలి. ఈరోజు ఉచితం అయినంత మాత్రాన రేపు కూడా ఉచితమే అనుకోలేం.

లాటిన్ అమెరికా ఈ విషయంలో మనకన్నా ముందుంది. బ్రెజిల్‌లో సావో పావ్‌లో రాష్ట్ర పరిశోధన నిధి సంస్థ డబ్బుతో 1990ల చివర్లో సైయెలో అనే వేదిక మొదలైంది. ఒక్కో జర్నల్ విడిగా వెబ్‌సైట్, సర్వర్, సిబ్బంది అని తంటాలు పడకుండా అందరికీ కలిపి ఒకే ఏర్పాటు చేశారు. తర్వాత అది ఆ ఖండంలోని చాలా దేశాలకు, దక్షిణాఫ్రికాకు కూడా పాకింది. మెక్సికోలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ నడిపే రెడాలిక్ అయితే రచయితల దగ్గర ఫీజు తీసుకోని జర్నళ్లనే చేర్చుకుంటుంది. అంటే ఇదేదో ఒకరిద్దరు ఆదర్శవాదుల పని కాదు. 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రపంచంలో ఇలాంటి డైమండ్ జర్నళ్లు 17,000 నుంచి 29,000 దాకా ఉంటాయని అంచనా వేసింది. ఎక్కువ భాగం చిన్నవే. ఏడాదికి పాతికో ముప్ఫయ్యో పేపర్లు వేసుకుంటూ, విశ్వవిద్యాలయాల చాటున, స్వచ్ఛందంగా పనిచేసే వాళ్లతో నడుస్తున్నవి.

మన ప్రభుత్వం ఎక్కువ డబ్బు పెట్టింది చదివే వైపు. 2024 నవంబరులో కేంద్రం ఒకే దేశం ఒకే చందా పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 2025 జనవరి నుంచి 6,300 దాకా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు దాదాపు 13,000 అందుబాటులోకి తేవడం దాని ఉద్దేశం. మీది ప్రభుత్వ కాలేజీ కాబట్టి లైబ్రేరియన్‌ను అడిగి యూజీసీకి చెందిన లైబ్రరీ నెట్‌వర్క్ ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా లాగిన్ తీసుకోండి, లిటరేచర్ రివ్యూకు బాగా ఉపయోగపడుతుంది. మంచి పథకమే, కాదనను. కానీ ప్రైవేటు కాలేజీ పిల్లలకు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లకు, విలేకరులకు ఆ తలుపు తెరుచుకోదు. పైగా ఆ డబ్బు వెళ్లేది విదేశీ ప్రచురణ సంస్థలకే ఎక్కువ. అందులో చిన్న వాటా మన జర్నళ్లకు సర్వర్లు, కాపీ ఎడిటర్లు సమకూర్చడానికి పెడితే ఎంత బాగుండేదో.

మీ పేపర్ ఎవరు చదవాలని రాశారు? గ్రామీణ బ్యాంకు మేనేజర్, రైతు సంఘం కార్యకర్త, కరువు మీద కథనాలు రాసే విలేకరి. వీళ్లెవరికీ యూనివర్సిటీ లాగిన్ ఉండదు. మీ విషయానికి డైమండ్ జర్నల్ సరైనదని నేను అనడానికి అసలు కారణం ఇదే, డబ్బు ఆదా అవుతుందన్నది రెండో కారణం.

యూజీసీ కేర్ జాబితా ఎత్తేసిన మాట నిజం. 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఆ జాబితా ఎందుకు వచ్చిందో కూడా గుర్తు చేసుకోవాలి. అంతకుముందున్న జాబితాలో యూనివర్సిటీల సిఫార్సుతో చేరిన 1,009 జర్నళ్లను పుణె పరిశోధకులు కొందరు పరిశీలించి, 88 శాతానికి పైగా నాసిరకంగా ఉండొచ్చని 2018లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. ఆ ఏడాది మే నెలలోనే యూజీసీ 4,305 జర్నళ్లను తీసేసింది. ఆ తర్వాతే కేర్ పుట్టింది. ఇప్పుడది కూడా పోయి, ఏ జర్నల్ మంచిదో తేల్చుకునే పద్ధతిని సంస్థలే ఏర్పరచుకోవాలని, దానికి కొన్ని సూచనలు ఇచ్చి వదిలేశారు. అందుకని పేపర్ పంపకముందే మీ కాలేజీ నాణ్యతా విభాగం ఐక్యూఏసీకో, యూనివర్సిటీ రీసెర్చ్ సెల్‌కో ఒక ఉత్తరం పెట్టి, ప్రమోషన్‌కు దేన్ని లెక్కలోకి తీసుకుంటారో రాతపూర్వకంగా తెచ్చుకోండి. నోటిమాట నమ్ముకుంటే ఇంటర్వ్యూ రోజున కమిటీలో మరొకరు కూర్చుని ఉంటారు. పీహెచ్‌డీ విషయంలో మాత్రం కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. థీసిస్ ఇచ్చేముందు పేపర్ వేసి తీరాలన్న నియమాన్ని యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. మీ యూనివర్సిటీ తనకు తాను పెట్టుకున్న నియమం ఏమైనా ఉందేమో గైడ్‌ను అడగండి.

జాబితా లేకుండా జర్నల్‌ను ఎలా పోల్చుకోవాలంటే, అన్నిటికన్నా నమ్మకమైన పని దాన్ని చదవడమే. మీ సబ్జెక్టుకు దగ్గరగా ఉన్న పేపర్ ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని మొదటి నుంచి చివరిదాకా చదవండి. పట్టికలో మొత్తాలు సరిపోతున్నాయా? వ్యాసంలో పేర్కొన్న గ్రంథాలు చివర్లో ఉన్నాయా? ఆ సంచికలో ఎకనామిక్స్ పక్కన నర్సింగ్, దాని పక్కన మెకానికల్ ఇంజినీరింగ్ కనిపిస్తే మూసేయండి. అన్ని సబ్జెక్టులూ వేసే జర్నల్‌కు అన్ని సబ్జెక్టుల రివ్యూయర్లు ఎక్కడి నుంచి వస్తారు? తర్వాత ఎడిటోరియల్ బోర్డులో ఇద్దరి పేర్లు తీసుకుని, వాళ్ల యూనివర్సిటీ పేజీల్లో ఈ జర్నల్ ప్రస్తావన ఉందేమో చూడండి. తమ పేరు అక్కడ ఉందని తెలియని ప్రొఫెసర్లు కూడా ఉంటారు, ఒక మెయిల్ పెట్టి అడిగితే తప్పులేదు.

డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ అని ఒకటుంది, 2003లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో మొదలైంది. ఫీజు తీసుకోని జర్నళ్లను మాత్రమే చూపించమని అందులో వెతకొచ్చు. దరఖాస్తు చేసిన ప్రతి జర్నల్‌నూ మనుషులు కూర్చుని పరిశీలిస్తారు కాబట్టి నేను దానికి బాగా విలువ ఇస్తాను. పత్రికలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్ఎస్ఎన్ మాత్రం చూసి మోసపోకండి. అది బండికి నంబర్ ప్లేట్ లాంటిది, డ్రైవర్‌కు బండి నడపడం వచ్చో రాదో చెప్పదు. గూగుల్ స్కాలర్‌లో కనిపించడం కూడా అంతే. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె) 7.8 అని హోం పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంటే, ఆ అంకె ఎవరిచ్చారో చూడండి. అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చేది క్లారివేట్ సంస్థ ఒక్కటే, మిగతావి ఆ పేరును అనుకరించేవి. ఇంకో మోసం కూడా నడుస్తోంది. పేరున్న పాత జర్నల్ పేరుతోనే నకిలీ వెబ్‌సైట్ పెట్టి ఫీజులు వసూలు చేస్తారు. అందుకే సొసైటీ లేదా యూనివర్సిటీ సొంత సైట్ నుంచి ఉన్న లింకు పట్టుకుని జర్నల్‌లోకి వెళ్లాలి, మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కకూడదు.

ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. మంచి డైమండ్ జర్నల్ నుంచి జవాబు రావడానికి ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది కూడా పట్టొచ్చు. ఎడిటర్ కూడా మీలాగే పాఠాలు చెప్పుకునే మనిషి. రివ్యూకు ఒప్పుకున్నవాళ్లు ఆలస్యం చేస్తారు, ఇద్దరిలో ఒకరు మాయమవుతారు, మళ్లీ ఇంకొకరిని వెతకాలి. మూడు నెలలు దాటాక ఒకసారి మర్యాదగా గుర్తుచేయొచ్చు. ప్రమోషన్ తేదీ దగ్గర పడ్డాక పంపితే ఈ పద్ధతి పనికిరాదు, ఇప్పుడే పంపితే పనికొస్తుంది. ఈసారి ఇంటర్వ్యూకు అందకపోయినా ఫర్వాలేదు అనుకోగలిగితే ఇంకా మంచిది. ఆ మాట మీ పరిస్థితుల్లో లేని నేను తేలిగ్గా అనకూడదని తెలుసు. కానీ అనుమానాస్పదమైన జర్నల్‌లో వచ్చిన పేపర్ సర్వీసు పొడుగునా మీ బయోడేటాలో ఉండిపోతుంది.

సొంత జర్నల్ సంగతి. సాంకేతికంగా ఇప్పుడు చాలా సులువు. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, కెనడాలోని పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ వాళ్లు తయారుచేశారు. పేపర్ తీసుకోవడం, రివ్యూకు పంపడం, సంచిక పెట్టడం అన్నీ అందులోనే జరుగుతాయి. ఐఎస్ఎస్ఎన్‌ను ఢిల్లీలో నిస్పర్‌లో ఉన్న జాతీయ కేంద్రం ఉచితంగానే ఇస్తుంది. ఒక్కో పేపర్‌కు శాశ్వత గుర్తింపుగా ఉండే డీఓఐ నంబర్లకు, వాటిని నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ సభ్యత్వ రుసుము, ఆపైన పేపర్‌కు డాలరు చొప్పున అవుతుంది. డబ్బుతో చేసే పనులు ఇంతే. కష్టమంతా మనుషుల దగ్గర ఉంది. వచ్చిన పేపర్‌కు సరిపోయే రివ్యూయర్లను వెతికి, పదిమందిని అడిగితే ఇద్దరు ఒప్పుకుంటే, వాళ్ల వెంటపడి, వచ్చిన వ్యాఖ్యలు రచయితకు నొప్పి కలగకుండా చెప్పి, సవరించి వచ్చిన ఇంగ్లిష్‌ను వాక్యం వాక్యం సరిదిద్ది, సంచికను అనుకున్న నెలకు తేవాలి. ఇది ప్రతి సంచికకూ, ప్రతి ఏడాదీ చేయాలి. మీ పీహెచ్‌డీ పూర్తి కాకుండా ఈ పని నెత్తిన వేసుకోవడం నాకు ఇష్టం లేదు.

మీ హెడ్‌ను ఒక్క ప్రశ్న అడగండి. ఇందులో మన స్టాఫ్ పేపర్లు ఎన్ని వేద్దామనుకుంటున్నారు? నేను చెప్పిన ఆ డైరెక్టరీ ఒక నియమం పెట్టింది. ఎడిటర్లు, బోర్డు సభ్యులు, రివ్యూయర్లు రాసిన పేపర్లు సంచికలో నాలుగో వంతుకు మించకూడదు. ఏడాదికి కనీసం ఐదు పరిశోధన పేపర్లైనా రావాలి. అందరికీ ప్రమోషన్‌లో లెక్కపెట్టే ఏపీఐ మార్కుల కోసం పెడదామనుకుంటే ఆ జర్నల్ మొదటి సంచికకే పేరు పోగొట్టుకుంటుంది, మీ పేరు కూడా దానితోపాటే పోతుంది. అలా కాదు, రాయలసీమ వ్యవసాయం మీద రాసేవాళ్లకు చోటు లేదు, బయటివాళ్ల పేపర్లే ఎక్కువ వేద్దాం, యూనివర్సిటీ లైబ్రరీ సర్వర్ ఇస్తుంది, భాష సరిదిద్దేవాళ్లకు కాలేజీ ఎంతో కొంత గౌరవ వేతనం ఇస్తుంది, ఎడిటర్‌కు క్లాసులు తగ్గిస్తారు అని ఆయన చెబితే మాత్రం అది గొప్ప పని. అప్పుడు కూడా ఎడిటర్‌గా కాకుండా సహాయ ఎడిటర్‌గా మొదలుపెట్టండి.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. ఫీజు అడగని జర్నల్‌కు పేపర్ పంపేటప్పుడు, గ్రామీణ రుణాల మీద ఏదైనా పేపర్ వస్తే రివ్యూ చేయడానికి సిద్ధంగా ఉన్నానని కవర్ లెటర్‌లో ఒక వాక్యం రాయండి. ఎడిటర్‌కు అంతకన్నా సంతోషం కలిగించే వాక్యం ఉండదు. ఫీల్డ్‌లో తిరిగిన రివ్యూయర్లు దొరకడం వాళ్లకు చాలా కష్టం. రచయితలు అప్పుడప్పుడూ రివ్యూయర్లు కాకపోతే ఈ పత్రికలేవీ నిలబడవు. పైగా నాలుగు పేపర్లు రివ్యూ చేస్తే మీ పేపర్ రాయడం కూడా మెరుగవుతుంది.

చివరి సందేహం, తెలుగులో వేసుకోవడం. అది మీరు ఒప్పుకునే లైసెన్సును బట్టి ఉంటుంది. డైమండ్ జర్నళ్లలో చాలా వరకు కాపీరైట్ రచయిత దగ్గరే ఉంచి, క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వేస్తాయి. అందులో సీసీ బై అని ఉంటే మీరే కాదు, ఎవరైనా మీ పేరు, జర్నల్ పేరు చెప్పి అనువదించుకోవచ్చు. మార్పులు చేయకూడదని అర్థం వచ్చే ఎన్‌డీ అన్న అక్షరాలు ఉంటే, ఇతరులు మీ అనుమతి లేకుండా అనువాదం ప్రచురించకూడదు. కాపీరైట్ మీదే అయితే మీకు ఆ అడ్డు ఉండదు గానీ, జర్నల్‌కు ప్రత్యేక హక్కులేమైనా రాసిచ్చారా అని ఒప్పందం చదువుకోండి. సబ్‌స్క్రిప్షన్ దారిలో వేసి కాపీరైట్ రాసిచ్చేస్తే మాత్రం ప్రచురణ సంస్థను అడిగి తీరాలి. తెలుగు పాఠాన్ని కొత్త పేపర్‌గా ప్రమోషన్ లెక్కలో చూపించకండి, అనువాదమని పైనే రాయండి. అంతవరకూ పాటిస్తే నిరభ్యంతరంగా వేయొచ్చు. మీరు సర్వే చేసిన ఊళ్లకు ఆ తెలుగు ప్రతిని పంపండి. తమ అప్పుల లెక్కలు మీకు చెప్పినవాళ్లకు మీరు ఏం రాశారో చదువుకునే హక్కు ఉంది.